నతానియేలు గారి పొట్టి షాకబ్జర్లు

"సువార్తా, మెకానిక్ అప్పారావుకి ఫోన్ సెయ్యి. కారు మళ్ళీ కిందికి దింపీమను. మన పొట్టి షాకబ్జర్లు ఎక్కడ పారేసినారో బేగి కనుక్కోమను."

"సేస్తానండి. ముందీ జావ తాగండి."

"జావకేటి తొందర? సల్లారినా తాగుతాను. ముందు ఫోను."

నా భర్త నతానియేలు గారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. నేను చంకకర్ర అందుకుని లోపలికెళ్ళి, ఫోను పట్టుకుని వరండాలోకి తిరిగొచ్చేసరికి ఆయన తల కుర్చీలో ఒక పక్కకి వాలిపోయి ఉంది. జావ గ్లాసు మీద మూత తీయలేదు. పిలిచాను. గట్టిగా పిలిచాను. బస్సు ఇంజను మోతలోంచి కూడా నా గొంతు పోల్చుకున్న మనిషి పలకలేదు. ఆ పిడుగు నా నెత్తిన పడ్డాక ఇంతవరకూ నేను తేరుకోలేదు. అయినా ఏడుపు పక్కనపెట్టి ఈ మాటలు రాయిస్తున్నానంటే, కారణం దుఃఖమొక్కటే కాదు. నాకు కోపంగా ఉంది.

భూస్థాపనకి ముందు పాస్టరు గారు నా పక్కన కుర్చీ వేసుకుని, "అమ్మా, అంతిమ ఘడియల్లో నతానియేలు గారు ఏ మాట పలికారు? సంఘానికి సాక్ష్యంగా చెబుతాను" అని అడిగారు. "షాకబ్జర్లు అన్నారండి" అని చెప్పాను. ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. తర్వాత ప్రసంగంలో "పరిపూర్ణమైన ప్రశాంతతతో కన్నుమూశారు" అని చెప్పారు. ఎవరు చూశారండీ ప్రశాంతత? ఆయన కోపంతో పోయారు. న్యాయమైన కోపంతో పోయారు. ఆ కోపం ఆయనతో పాటు మట్టిలో కప్పడానికి నేను ఒప్పుకోను.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా మరిది యోహాను కూతురు గ్రేసు రాస్తోంది. ఆదివారం ఆయన జ్ఞాపకార్థం జరిగే ఆదరణ కూడికలో ఇది అందరి ముందూ చదవాలి, తర్వాత సంఘం పత్రికలో వెయ్యాలి. మంచి మాటలతోనే రాయమన్నాను, ఎందుకంటే ఆయన ఉన్నతమైన మనిషి. మంచి మాటలంటే మెత్తని మాటలని మాత్రం అర్థం కాదు.

ఆయన బస్సు డ్రైవరు. నర్సీపట్నం నుంచి కొయ్యూరు ఘాటు మీదుగా, మాకవరపాలెం పల్లెల మీదుగా జీవితమంతా బస్సు నడిపారు. నాకు చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమ కాలు కర్రలా ఉండిపోయింది. అది పైకి లేవదు. ఆ రోజుల్లో కుట్టుపని నేర్చుకోవడానికి మాకవరపాలెం నుంచి నర్సీపట్నానికి రోజూ బస్సులో వచ్చేదాన్ని. బస్సు మెట్టు నాకు నడుమెత్తు. కిందినుంచి ఒకరు తోసేవారు, పైనుంచి ఒకరు చెయ్యి పట్టి లాగేవారు. జాలితోనే చేసేవారు, కాదనను. కానీ ఆ జాలి చేతులు ఎక్కడ తగులుతున్నాయో చూసుకునేవి కావు. ఒకనాడు కొత్తగా వచ్చిన డ్రైవరు బస్సుని స్టాపు దాటించి, కల్వర్టు గోడకి ఆనించినట్టు ఆపాడు. ఆ గోడా బస్సు మెట్టూ ఒకే ఎత్తు. గోడ పక్కనున్న మట్టికట్ట మీంచి నడిచి, నేను నా అంతట నేనే బస్సులోకి అడుగు పెట్టాను.

జనం ఊరుకుంటారా? "డ్రైవరు గారూ, స్టాపు ఎనకాలుండిపోయింది, కళ్ళు కనపడట్లేదేటి?" అని ఒకాయన కేకేశాడు. "స్టాపు ఎక్కడుండాలో బోర్డు సెప్పదండి, ఎక్కే కాలు సెప్తాది" అన్నారాయన. అప్పట్నుంచి నాకోసం బస్సు అక్కడే ఆగింది. నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా, నా వైపు తిరిగైనా చూడకుండా అలాగే ఆపారు. చివరికి నేనే మా అమ్మతో చెప్పాను, ఆ డ్రైవరు ఏ సంఘమో కనుక్కోమని. మా పెళ్ళి అలా జరిగింది. ఉపకారం చేసి ఉపకారమని చెప్పుకోని సంస్కారం ఆయనది. ఈ కాలంలో ఆ సంస్కారం ఎంత అరుదో నాకీమధ్యే తెలిసొచ్చింది.

ఉద్యోగ విరమణ తర్వాత ఆయన ఒక పాత అంబాసిడరు తెచ్చారు. పోతపోసినట్టుండే ఆ తెల్ల కారంటే ఆయనకి కుర్రతనం నుంచీ ఇష్టం. నన్ను ఎక్కమన్నారు. సీటు నాకందలేదు. "పట్టుకోనా?" అన్నారు. "ఒద్దండి" అన్నాను. అంతే, రెండో మాట అడగలేదు. మర్నాడే కారుని అప్పారావు షెడ్డుకి తోలుకుపోయారు. వెనక చక్రాల కమాను పట్టీలు విప్పించి, వంపు తగ్గించి కొట్టించారు. ముందు వైపు కూడా దానికి సరిపోయేలా దింపించారు. కారు తిరిగొచ్చాక వెనక తలుపు తీసి, సీటుకి వీపు పెట్టి వాలితే చాలు, కూర్చున్నాను. కాలు చేత్తో లాక్కుని లోపల పెట్టుకున్నాను. ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది.

అయితే కారు దింపగానే సరిపోదని మాకప్పుడు తెలీదు. చక్రాల దగ్గర కుదుపు ఆపే పాత షాకబ్జర్లు ఎత్తు కారు కోసం చేసినవి. కారు కిందికి దిగితే అవి ముందే సగం లోపలికి ముడుచుకునుంటాయి, గోతిలో పడితే ఇంక ముడుచుకోడానికి చోటుండదు. ప్రతి గోతికీ వెనకాల సుత్తితో కొట్టినట్టు దభీమనేది. ఆ దెబ్బ సూటిగా నా నడుముకి వచ్చేది. ఆయనకది అర్థమవడానికి చాలాకాలం పట్టింది. అవి అరిగిపోయాయనుకుని అవే రకం కొత్తవి వేయించారు. మళ్ళీ అదే దభీ. "కొత్తవి గదే!" అని వాటినే తిట్టారు. "కొత్తవైనా అంతే పొడుగు గదండీ" అన్నాను. నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మొండి మనిషి. అదీ రాయవే గ్రేసూ, మొండితనం లేకపోతే ఆ కారు ఉండేది కాదు.

ఆ తర్వాత ఏదో సరుకుల బండివి, పొట్టివి తెచ్చి వేయించారు. పొడుగు సరిపోయింది, కానీ రాయిలా గట్టివి. కారులో కూర్చుంటే రోకటిపోటు తిన్నట్టుండేది. వాటి తర్వాత చిన్న వ్యానువి వేయించారు. అవీ పొట్టివే, కాకపోతే మరీ మెత్తన. కారు గోతిలోంచి లేచాక కూడా పడవలా ఊగుతూనే ఉండేది. నక్కపల్లి వెళ్ళే దారిలో నాకు కడుపులో తిప్పి వాంతైంది. ఆయన రోడ్డు పక్కన ఆపి, నా మొహానికి నీళ్ళిచ్చి, నాకేసి కాకుండా ఆ చక్రాలకేసి చూస్తూ అన్నారు: "గోతిలోకి దిగినప్పుడు కాదే సూడాల్సింది. లేసినాక ఎలా నిలబడతన్నాదో సూడాల." ఆ వ్యాను షాకబ్జర్లనే విశాఖపట్నంలో విప్పించి, లోపలి నూనె మార్పించి చిక్కటిది పోయించారు. మళ్ళీ మాకవరపాలెం రోడ్డు. నేను వెనకాల, ఆయన ముందర. ఒక గొయ్యి దాటగానే అద్దంలో నా మొహం చూసేవారు. నేను చెప్పక్కర్లేదు. కళ్ళు చిట్లిస్తే గట్టిగా ఉన్నట్టు, సీటు పట్టుకుంటే మెత్తగా ఉన్నట్టు. ఇంటికి రావడం, మళ్ళీ విప్పించడం. ఒకరోజు గొయ్యి దాటాక నేను ఇంకేదో ఆలోచనలో కిటికీలోంచి జీడితోటల్ని చూస్తున్నాను. ఆయన కారు ఆపేసి నవ్వారు. "కుదిరింది. గొయ్యి దాటినట్టు నీకే తెలీలేదు" అన్నారు.

అప్పారావు ఒకసారి అడిగాడు, "కొలతలేవో రాసుకుంటే పోయేది కదండీ, ఇన్నిసార్లు విప్పడవేటి?" అని. "పొడుగంటే టేపెట్టి కొలుస్తాం. గట్టిదనం కొలవాలంటే కూకునే మనిషే కూకోవాల" అన్నారు. ఆ మాట నేను మరువను. నన్నెవరూ ఏనాడూ ఏ విషయంలోనూ కొలబద్దగా పెట్టుకోలేదు, ఆయన తప్ప.

ఆ కారులో నన్ను కూర్చోబెట్టుకుని ప్రతి ఆదివారం చర్చికి తీసుకెళ్ళేవారు. మన సంఘం వాళ్ళు ఆ కారుని చూసి చేసిన హాస్యాలకి లెక్కలేదు. "ఏటండీ నతానియేలు గారూ, మీ కారు మోకాళ్ళ మీద నడుస్తున్నాదేటి?" అని సంఘ పెద్ద దానియేలు మాస్టారు అందరి ముందూ అడిగారు. "మీరెవరూ మోకరించట్లేదని అది మోకరిస్తన్నాదండి" అన్నారీయన. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. కానీ ఎందుకు దింపారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ప్రతి ఆదివారం చర్చి గుమ్మం ముందు నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ కారు దిగాను. అంతమంది కళ్ళ ముందే దిగాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యడం నేర్చుకున్నారు గానీ, కళ్ళు తెరిచి పక్కమనిషిని చూడడం ఎప్పుడు నేర్చుకుంటారు?

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను. ఆయనకి గుండెనొప్పి వచ్చి విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చాం. నేనూ అక్కడే ఉన్నాను. ఇక్కడ మన సంఘ పెద్దలు కూడి, పాపం నతానియేలు గారి కారు ముసలిదై కూలబడిపోయింది, ఆయన తిరిగొచ్చేసరికి బాగుచేయించి ఆశ్చర్యపరుద్దాం అనుకున్నారట. తాళం మా మరిది దగ్గరుంది. ఇచ్చేశాడు. మీ నాన్నే ఇచ్చాడే గ్రేసూ. మరిది అని కాదు, యోహాను అని పేరుతోనే రాయి. "వదినా, మంచికే గదా అని ఇచ్చీసినాను" అంటాడు. మంచికే అయితే ఒక ఫోను చేసి అడగొచ్చు కదా? ఆసుపత్రిలో నా పక్కనే ఫోను ఉంది. పెద్దలు అడగలేదు, ఇచ్చినవాడూ అడగలేదు.

అప్పారావు ఊళ్ళో లేకపోతే ఇంకెవరి చేతో చేయించారు. వంచిన కమాను పట్టీలు తీయించి కొత్తవి వేయించారు. పొడుగు షాకబ్జర్లు బిగించారు. కారు అమాంతం లేచి కూర్చుంది. మెరిసేలా కడిగించి, బంతిపూల దండ వేసి, మా ఇంటి ముందర నిలబెట్టారు. మేం ఆటోలో వచ్చి దిగేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఆటోలోంచి ఆ కారుని చూశారు. నన్ను చూశారు. ఆసుపత్రిలో కూడా అంత పాలిపోలేదు ఆ మొహం. దానియేలు మాస్టారు "ఎలా ఉందండీ మన సంఘం కానుక?" అన్నారు. ఈయన చేతులు జోడించి "వందనాలండి" అన్నారు. ఇంటికొచ్చినవాళ్ళని నొప్పించడం ఆయనకి చేతకాదు. అందరూ వెళ్ళిపోయాక అడిగారు, "మన షాకబ్జర్లేవీ?" అని. పాత ఇనుములో వేసేశారని యోహాను చెప్పాడు. అప్పట్నుంచి పోయేదాకా ఆయనకి అదే ధ్యాస. వరండాలో కుర్చీ వేయించుకుని ఆ ఎత్తు కారుకేసి చూస్తూ కూర్చునేవారు.

కారు వల్లే పోయారని నేననను. గుండె బలహీనమైందని డాక్టర్లు ముందే చెప్పారు. కానీ ఆయనకి మిగిలిన ఆ కాస్త రోజుల్ని ఎవరు పాడుచేశారో మాత్రం నేను చెప్పకుండా ఉండలేను.

భూస్థాపన రోజు సమాధుల తోటకి వెళ్ళాలి. ఆ కారు తలుపు తీశారు. సీటు నాకందదు. నేను చంకకర్ర మీద నిలబడిపోయాను. ఎవరో "లెగదియ్యండ్రా, టైమైపోతన్నాది" అన్నారు. నలుగురు మగవాళ్ళు నా చంకల కింద, తొడల కింద చేతులేసి బియ్యం బస్తాని లారీలోకి విసిరినట్టు ఎత్తి లోపల పెట్టారు. నా చీర మోకాలి దాకా లేచిపోయింది. చచ్చుబడిన నా కాలు మా అమ్మా నా భర్తా తప్ప ఎవరూ చూడలేదు. ఆ రోజు ఊరంతా చూసింది. కల్వర్టు పక్కన బస్సు ఆపిన నాటినుంచి ఆయన ఏది జరక్కుండా కాపాడుతూ వచ్చారో, సరిగ్గా అదే, ఆయన శవం ఇంటి ముందుండగా, ఆయన కారులోనే నాకు జరిగింది. తోటలో దిగేటప్పుడూ అదే. తిరిగొచ్చేటప్పుడూ అదే. ఆ సాయంత్రం ప్రార్థనలో దానియేలు మాస్టారు లేచి, "నతానియేలు గారి చివరి రోజుల్లో వారి వాహనాన్ని బాగుచేయించి ఆనందపరిచే భాగ్యం సంఘానికి దక్కింది" అన్నారు. కొందరు "స్తోత్రం" అన్నారు.

నేను కూర్చున్నచోటి నుంచే అన్నాను, "మాస్టారూ, ఆ కారు ఎందుకు కిందికి ఉండేదో మీకు తెలుసా?" అని. "పాతబడి కుంగిపోయింది కదమ్మా" అన్నారు. "కుంగిపోలేదండి. నాకోసం వంచినారు. ఇందాక నన్ను ఎత్తి పడేశారే, అది జరక్కుండా వంచినారు" అన్నాను. మాస్టారు "ఆయన ఒక్క మాట సెప్పలేదమ్మా" అన్నారు. "మీరు ఒక్క మాట అడగలేదండి" అన్నాను.

మర్నాడే అప్పారావుని పిలిపించాను. మాస్టారు కూడా వచ్చారు, రావాలి మరి. ఇనుప సామాను కొట్టుల్లో ఆయనే స్వయంగా వెతికారు. కమాను పట్టీలు దొరికాయి. షాకబ్జర్లలో ఒకటే దొరికింది. రెండోది కరిగించడానికి పోయింది. ఒక పక్క ఒకటి, ఇంకో పక్క వేరేదైతే బండి ఒరుగుతుంది, రెండూ మార్చాల్సిందేనని అప్పారావు చెప్పాడు. అప్పుడు మాస్టారు మెల్లిగా, "సంఘం వేయించినవి కొత్తవే కదమ్మా. కమాన్లు మాత్రం మార్చి, షాకబ్జర్లు వాటినే ఉంచితే..." అన్నారు. అంత జరిగినా కానుక మీద మమకారం పోలేదు.

"సరేనండి. అలాగే బిగించు అప్పారావూ. మాస్టారు గారు నాతో పాటు వెనక సీట్లో కూకుంటారు" అన్నాను.

మాకవరపాలెం రోడ్డెక్కాం. మొదటి గోతికి మాస్టారు సీటు పట్టుకున్నారు. రెండోదానికి కళ్ళద్దాలు జారి ఒళ్ళో పడ్డాయి. మూడోదానికి దభీమని తల టాపుకి కొట్టుకుంది. "ఓరి నాయనో! ఆపరా అప్పారావూ!" అన్నారు. "ఇంకా చాలా దూరం ఉన్నాదండి" అన్నాను. "ఒద్దమ్మా. తీయించేద్దాం" అన్నారు, నడుము పట్టుకుని. నేను నవ్వలేదు. ఆయన నడుము నొప్పి చూసి నాకు సంతోషం కలగలేదు. ఆ నొప్పి ముందే ఎవరైనా ఊహించి ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు చిన్న వ్యానువి వేరే జత తెప్పించాం. చిక్కటి నూనె పోయించాం. ఒకసారి గట్టిగా ఉన్నాయని విప్పించాను, ఇంకోసారి మెత్తగా ఉన్నాయని విప్పించాను. అప్పారావు విసుక్కోలేదు. నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. ఫర్వాలేదు. బాగున్నాయి. కానీ ప్రతి గొయ్యి దాటాక అప్పారావు వెనక్కి తిరిగి "ఎలా ఉన్నాదమ్మా?" అని అడుగుతున్నాడు. నేను మాటల్లో చెప్పాల్సి వస్తోంది. అది అతని తప్పు కాదు. అద్దంలో నా మొహం చూసి నా నడుములో ఏముందో తెలుసుకునే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. ఆ చోటు ఖాళీ అయిపోయింది, ఎవరెంత చేసినా నిండదు.

ఇకమీదట ప్రతి ఆదివారం నేను ఆ కారులోనే చర్చికి వస్తాను. నేనే ఎక్కుతాను, నేనే దిగుతాను. దయచేసి ఎవరూ చెయ్యి అందించడానికి పరుగెత్తుకు రావద్దు. మాస్టారు "కానుక" అన్న మాటని అందరి ముందూ వెనక్కి తీసుకుంటానన్నారు, తీసుకోవాలి. చేతులు జోడించి నేను వేడుకునేది ఒక్కటే: ఎవరికైనా మేలు చెయ్యాలనిపిస్తే ముందు అడగండి. నా భర్త అడిగేవారు. నేను వద్దంటే ఊరుకునేవారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించేవారు. అటువంటి మహామనిషికి భార్యనైనందుకు నాకు అతిశయం. ఆయన పాదాలకి నా నమస్కారం.

అయిపోయింది. ఏడవకు. ఇప్పుడు మొదట్నుంచి చదివి వినిపించు గ్రేసూ. మీ నాన్న పేరు ఉందో లేదో వింటాను. నలుగురూ నన్ను ఎత్తిన చోటికి వచ్చాక గొంతు తగ్గించకు. ఆదివారం ఎంత గట్టిగా చదవాలో అంత గట్టిగా చదువు.